ఒకే కలం - రెండు మొనలు

కలానికి మన వాళ్ళు ఇచ్చే గౌరవం ఇంతా అంతా కాదు. "కలం పట్టాడు" అంటే రచయిత అయ్యాడని అర్థం. విజయదశమి నాడు పుస్తకం పక్కన పెన్ను పెట్టి పూజ చేసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. అయితే ఆ పెన్ను ఎట్లా పనిచేస్తుందని అడిగితే సైన్సు విద్యార్థి కూడా ఒక నిమిషం ఆలోచిస్తాడు.

చేతితో కలాలు చేసేవారు ఈమధ్య కాలంలో ఒక ఏర్పాటు తెచ్చారు. గొట్టం ఒకటే, మూత ఒకటే. కావాలంటే పాళీ బిగించి ఇంకు పెన్నుగా రాసుకోవచ్చు. వద్దంటే పాళీ విప్పి గుండు మొన బిగించి రోలర్ బాల్ పెన్నుగా వాడుకోవచ్చు. చూడడానికి ఇది చిన్న సదుపాయమే. కాని చేతివృత్తికి ఇది బతుకుతెరువుకు సంబంధించిన విషయం. ఎందువల్లనో చూద్దాం.

పాళీ సంగతి

పాళీకి నడుమ సన్నని చీలిక ఉంటుంది. ఆ సందులోకి సిరా దానంతటదే పాకుతుంది. ఫిజిక్సు క్లాసులో కేశనాళికీయత అని మనం చదువుకునేది ఇదే. అయితే సిరా కిందికి దిగిన కొద్దీ గొట్టంలోకి గాలి చేరాలి. చేరకపోతే లోపలి పీడనం తగ్గి సిరా ఆగిపోతుంది. గాలి ఎక్కువైతే పెన్ను సిరా కక్కుతుంది. ఈ రాకపోకలను అదుపు చేసేది పాళీ కింద నల్లగా కనిపించే ఫీడ్. దాని మీద గీసిన సన్నని గాళ్ళ వెంట సిరా దిగుతూ ఉంటే, గాలి పైకి పోతూ ఉంటుంది. ఇటువంటి ఫీడ్‌కు అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాడు. నేటి ఇంకు పెన్నుల్లోనూ సూత్రం అదే.

గుండు సంగతి

ఇక్కడ ఒక తికమక ఉంది. బాల్ పెన్ను, రోలర్ బాల్ ఒకటే అనుకుంటారు చాలామంది. రెండింటికీ మొనలో తిరిగే గుండు ఉన్న మాట నిజమే. తేడా అంతా సిరాలో ఉంది. హంగరీ దేశస్థుడు లాస్లో బీరో 1938లో పేటెంటు పొందిన బాల్ పెన్నులో వాడేది చిక్కని, జిడ్డు సిరా. దాన్ని ఇంకు పెన్నులో పోస్తే ఫీడ్‌లోంచి కదలనే కదలదు. రోలర్ బాల్‌లోది నీటితో చేసిన పలుచని సిరా. అంటే ఇంకు పెన్ను సిరాకు దగ్గరి చుట్టం. అందుకే పాళీకి, రోలర్ గుండుకు ఒకే కలంలో పొత్తు కుదిరింది.

ఈ గుండు చాలా చిన్నది. అర మిల్లీమీటరు, 0.7 మిల్లీమీటరు కొలతల్లోవి ఎక్కువగా వాడతారు. సామాన్యంగా టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేస్తారు.

లేతు మీద పని

చేతి కలాలకు మన దేశంలో పేరున్న సరుకు ఎబొనైట్. ఇది కూడా రబ్బరే. మామూలు రబ్బరులో కొద్దిగా గంధకం కలుపుతారు. ఇందులో పాతిక శాతానికి పైగా కలిపి వేడి చేస్తారు. అప్పుడది కొయ్యలా గట్టిపడుతుంది. లేతు మీద చెక్కుతుంటే గంధకపు వాసన వస్తుంది. వేడిని త్వరగా పోనివ్వదు గనుక, చేతి వెచ్చదనానికి లోపలి గాలి వ్యాకోచించి సిరా కక్కే బెడద కొంత తగ్గుతుంది. ఎండలో ఎక్కువకాలం ఉంచితే మాత్రం నల్లదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది.

పనివాడు ఎబొనైట్ కడ్డీని కోసి, లేతు మీద తిప్పుతూ లోపల తొలిచి, పైన నునుపు చేసి, చివర థ్రెడ్లు వేస్తాడు. గొట్టం, మూత, మనం వేళ్ళతో పట్టుకునే సెక్షన్, ఈ మూడూ విడివిడిగా తయారవుతాయి.

మొనలు మార్చే కలానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సెక్షన్ ఒకటే ఉంచి మొన మాత్రం మార్చడం. పాళీ, ఫీడ్ కలిసి ఉన్న చిన్న బుడిపెను విప్పి, అదే థ్రెడ్డు ఉన్న గుండు మొనను బిగిస్తారు. రెండింటికీ అదే సిరా, అదే కార్ట్రిడ్జి. ఈ థ్రెడ్డు బహు సన్నం. ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. చెయ్యి కాస్త తేడాగా పడినా సిరా కారుతుంది.

రెండోది, ఒకే గొట్టానికి రెండు సెక్షన్లు చేయడం. ఒకదానికి పాళీ, రెండోదానిలో బజారులో దొరికే రోలర్ రీఫిల్. ఇది పనివాడికి కాస్త సులువు. అయితే ఇక్కడ లెక్క పొడవు దగ్గర వస్తుంది. రీఫిల్ కన్నా గొట్టం లోపలి పొడవు తక్కువైతే సెక్షన్ పూర్తిగా బిగియదు. ఎక్కువైతే రీఫిల్ లోపల ఆడుతూ, రాసేటప్పుడు వెనక్కి పోతుంది. అందుకే వెనక చిన్న స్ప్రింగు వేస్తారు.

ఏ పద్ధతైనా మూతలో రెండు మొనలకూ చోటుండాలి. పొడవైన మొన మూత అడుగుకు తగిలితే పాళీ వంగుతుంది. పొట్టి మొనకు చోటు సరిపోయినా, మూత లోపలి అంచు సెక్షన్‌కు గాలి చొరకుండా ఆనకపోతే సిరా ఎండుతుంది. రెండు మొనలకూ సరిపడే ఒక్క మూత చేయడంలోనే పనివాడి నేర్పు తెలిసిపోతుంది.

రాజమండ్రి మాట

ఈ విద్య మనకు పరాయిది కాదు. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు 1930లలోనే ఇంకు పెన్నులు చేశారు. జె.సి. కుమారప్ప గారి ద్వారా తనకు అందిన రత్నం పెన్నును వాడి చూసి, విదేశీ పెన్నుల స్థానంలో వాడుకోదగినదే అని గాంధీజీ 1935 జులైలో ఆయనకు ఉత్తరం రాశారు.

తరవాత బాల్ పెన్ను వచ్చింది. చవక. నింపే పని లేదు, చొక్కా జేబు పాడయ్యే భయం లేదు. పరీక్ష హాలులో మూడు గంటలు ఆగకుండా రాస్తుంది. విద్యార్థిని తప్పుపట్టి లాభమేమిటి? లేతు ముందు కూర్చున్నవాడికి మాత్రం గిరాకీ తగ్గింది. పాళీ అలవాటు లేనివాడు చేతి కలం ఎంత బాగున్నా కొనడు. గుండు మొన కూడా ఇస్తే, "ముందు దీనితో రాయండి, తరవాత పాళీ చూడండి" అని చెప్పే వీలు కలిగింది. తమిళనాడు తిరువళ్ళూరులోని రంగా వారి వంటి చేతి కలాల తయారీదారులు రెండు రకాల మొనలూ ఇవ్వడంలోని సౌలభ్యం ఇదే.

ఒక మాట ఒప్పుకోవాలి. నేటి చేతి కలాల్లో చాలావాటికి వాడే పాళీలు, గుండు మొనలు జర్మనీలో తయారయ్యేవే. గొట్టం మనది, మొన పరాయిది. దీన్ని స్వదేశీ అనవచ్చునా అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని లేతు ఆగిపోతే ఇక్కడ పాళీ చేసే రోజు ఎన్నటికీ రాదు. పని నిలిస్తేనే రేపు మొన సంగతి ఆలోచించేవాడు పుడతాడు. మన కాలేజీలలో లేతు ఉన్న ఇంజనీరింగు విద్యార్థులు ఈ విషయం మీద ఒక ప్రాజెక్టు చేపడితే అది వృథా కాదు.

వాడేవారికి నాలుగు మాటలు

పాళీని కాగితానికి ఏటవాలుగా పట్టాలి, గుండును కాస్త నిలువుగా. గుండు మొన సిరాను ఎక్కువ తాగుతుంది కనుక పరీక్షకు అదనపు కార్ట్రిడ్జి ఉంచుకోండి. మొదటి పద్ధతి కలంలో రేణువులున్న చిక్కని సిరాలు పోయకండి. గుండు ఇరుక్కుంటే శుభ్రం చేయడం కష్టం, మొన మార్చుకోవాల్సిందే. మొన మార్చేటప్పుడు నీటితో కడిగి, తుడిచి, వేళ్ళ బలంతోనే బిగించండి. పటకారు పెడితే థ్రెడ్డు పోతుంది. మూత తీసి పెట్టి కబుర్లలో పడకండి.

రీఫిల్ అయిపోతే పారేసే పెన్ను ఎవరు చేశారో మనకు తెలియదు. చేతి కలం విషయంలో అట్లా కాదు. థ్రెడ్డు అరిగితే చేసినవాడి దగ్గరకే తీసుకుపోయి బాగుచేయించుకోవచ్చు. ఈసారి రాజమండ్రి వెళ్ళిన మిత్రులు గోదావరి స్నానంతో పాటు, పెన్నుల దుకాణం కూడా ఒకసారి చూసి రావలసిందిగా కోరుతున్నాను.