ఛాయాచిత్రానికి పదును: ఎంతవరకు?

పెళ్ళిలో తీసిన ఫొటో అయినా, కర్మాగారంలో తీసిన యంత్రభాగం ఫొటో అయినా, తెరపై కొంచెం మసకగా కనిపించగానే చాలామంది చేయి ‘షార్పెన్’ మీటమీదికి పోతుంది. ఒకసారి నొక్కితే బాగుంటుంది. మరొకసారి నొక్కితే ఇంకా బాగున్నట్లు తోస్తుంది. అయిదారుసార్లయ్యాక నాయనమ్మ ముఖంమీది ముడతలు కాలువలవుతాయి, తెల్లజుట్టు ఇనుపతీగలవుతుంది. చేసినవారికి మాత్రం ఆ సంగతి అప్పటికి తెలియదు, కన్ను అలవాటుపడిపోతుంది.

ఈ ప్రక్రియకు ‘అన్‌షార్ప్ మాస్క్’ అని పేరు. పదును పెట్టే పనికి ‘పదును లేని’ అన్న పేరేమిటని సందేహం కలుగవచ్చు. ఇది డార్క్‌రూము కాలంనాటి పద్ధతి. నెగటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తయారుచేసి, రెంటినీ జతచేసి ముద్రించేవారు. కంప్యూటరు అదే పనిని అంకెలతో చేస్తుంది: చిత్రానికి మసక నకలు తీసి, అసలుకూ నకలుకూ గల భేదాన్ని తిరిగి అసలుకు కలుపుతుంది. ఒక అంచుకు ఇటువైపు కాంతి విలువ 100, అటువైపు 150 అనుకుందాం. పదును పెట్టాక అంచును ఆనుకుని నల్లనివైపు 85కు దిగి, తెల్లనివైపు 165కు ఎగబాకవచ్చు. ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రులకు ‘ఓవర్‌షూట్’ గుర్తుకు రాక మానదు. కొత్త వివరం ఒక్కటీ పుట్టలేదు. ఉన్న అంచే కొట్టొచ్చినట్లు కనబడుతోంది. మోతాదు మించితే దాని వెంబడే ఒక తెల్లని గీత తేలుతుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. వెల్డింగు అతుకు ఫొటోలో ఈ దొంగగీత పగులుగా భ్రమింపజేయవచ్చు. నిజమైన సన్నని పగులు చుట్టూ పెరిగిన గరుకుదనంలో కలిసిపోనూవచ్చు. తనిఖీ నివేదికకు జతపరచే ఫొటోను ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. తప్పనిసరి అయితే ఆ మాట నివేదికలో రాసి, మూలప్రతిని కూడా జతచేయాలి.

గణితంతో ఎంతవరకు నెట్టుకురావచ్చునో హబుల్ టెలిస్కోపు ఉదంతం తెలుపుతుంది. 1990లో అంతరిక్షంలోకి పంపిన దాని ప్రధాన దర్పణం అంచువద్ద సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువగా అరిగింది. శాస్త్రజ్ఞులు ఆ చిత్రాలను కంప్యూటర్లతో సంస్కరించారు. ప్రకాశవంతమైన వాటికి ఫలితం దక్కింది గాని, బాగా మసకైనవి లొంగలేదు. చివరకు 1993 డిసెంబరులో వ్యోమగాములే వెళ్ళి సవరణ పరికరాలు అమర్చవలసి వచ్చింది. చేయి వణికి చెదరిన మన ఫొటోలపై అంతకుమించి ఆశ పెట్టుకోనక్కర లేదు.

ఇక ఆచరణ. ఉచితంగా లభించే గింప్ వంటి సాఫ్ట్‌వేర్‌లోనూ అమౌంట్, రేడియస్, థ్రెషోల్డ్ అనే మూడు అమరికలుంటాయి. కిటుకంతా రేడియస్‌లోనే ఉంది. తెరపై చూసే చిత్రానికి 1 పిక్సెల్ లోపు, అచ్చుకు 1 నుంచి 2 పిక్సెళ్ళు సాధారణంగా చాలు. ముఖాలకు థ్రెషోల్డ్ కాస్త పెంచితే చర్మం జోలికి పోదు. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్కవేసుకుంటే 6×4 అంగుళాల ఫొటోకు 1800×1200 కావాలి. ముందు ఆ కొలతకు తెచ్చి, వెలుగు, రంగులు సరిచేసి, చిట్టచివర పదును పెట్టాలి. చిత్రాన్ని తెరపై 100 శాతం పరిమాణంలో ఉంచి, తెల్లగీత కనబడేదాకా అమౌంట్ పెంచి, అది మాయమయ్యేదాకా వెనక్కు తగ్గండి. తరువాత లేచివెళ్ళి టీ తాగి వచ్చి మళ్ళీ చూడండి.

మొబైలు ఫోను సాధారణంగా తానే లోపల పదును పెట్టి ఇస్తుంది. దానిపై మనం మళ్ళీ పెట్టడం ఉప్పువేసిన పప్పులో ఉప్పు వేయడమే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించబడి వస్తుంది. దానికి పదును పెడితే 8×8 పిక్సెళ్ళ గళ్ళు పైకి తేలుతాయి. పంపినవారినే ‘డాక్యుమెంట్’గా తిరిగి పంపమని అడగండి. తాతగారి కాలంనాటి ఫొటోను స్కాన్ చేస్తే మూల ఫైలును వేరే ఫోల్డరులో ఉంచి నకలుపైనే పనిచేయండి. జేపెగ్ ఫైలును సవరించి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత సమాచారం నశిస్తుంది.