నలుగురు వీరులూ, ఇద్దరు కురూపులూ

బాల్యంలో చదివిన పుస్తకాన్ని పెద్దవయసులో మళ్ళీ తెరవడం ఒక సాహసమే. చిన్ననాడు కోటవలె కనబడిన ఇల్లు పెద్దయిన తరువాత చూస్తే మూడు గదుల పెంకుటిల్లుగా తేలుతుంది. పుస్తకాలకూ ఈ గతి తప్పదు. అయితే పసితనంలో ఎన్నడూ తొంగిచూడని చీకటిగది ఒకటి, కొన్ని ఇళ్ళలో, పెద్దవాని కంటనే పడుతుంది. అట్టి గది ఉన్న పుస్తకమే పునఃపఠనానికి తగినది. బొమ్మల కథ అయినంతమాత్రాన ఒక పుస్తకానికి ఈ యోగ్యత లేదనడం తొందరపాటు.

అమెరికాలో 1961 నవంబరు సంచికగా వెలువడిన 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదటి పుస్తకం ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగులో 'అద్భుత చతుష్టయం' అనవచ్చు. కథ కూర్చినవాడు స్టాన్ లీ, బొమ్మలు గీసినవాడు జాక్ కిర్బీ. వెల 10 సెంట్లు; కథ పాతిక పుటలు. ఈ ఇద్దరూ కలిసి 1970 వరకు 102 సంచికలు నడిపారు. నేడు లోకమంతా వెండితెరమీద చూస్తున్న మార్వెల్ వీరగణానికంతటికీ ఈ పలుచని పుస్తకమే తొలి మొలక.

వీరులను జట్టుగా చేర్చడం అప్పటికి కొత్త కాదు. 1940లో 'జస్టిస్ సొసైటీ', 1960లో 'జస్టిస్ లీగ్' వెలసినవి. ఆ జట్లలోని వీరులు కార్యవర్గ సమావేశంలో సభ్యులవలె పరస్పర మర్యాద పాటించేవారు. ఈ నలుగురు మాత్రం ఉమ్మడి కుటుంబంలోని అన్నదమ్ములవలె అరుచుకొంటారు, అలుగుతారు, చేయి కూడా చేసుకొంటారు. కొత్తదనమంతా ఇక్కడే ఉన్నది. నవ్వు పుట్టేదీ ఇక్కడే.

కథారంభం చూడండి. సెంట్రల్ సిటీ అనే నగరంలో నాయకుడు రీడ్ రిచర్డ్స్ ఆకాశంలోకి ఒక సంకేతాస్త్రం పేలుస్తాడు. ఆ పొగ జట్టు పేరును అక్షరాలుగా ఆకాశాన వ్రాస్తుంది. మిగిలిన ముగ్గురూ ఎక్కడున్నవారక్కడినుంచి బయలుదేరుతారు. స్నేహితురాలితో తేనీరు సేవిస్తున్న సూ స్టార్మ్ హఠాత్తుగా మాయమై, కంటికి కనబడకుండానే జనాన్ని త్రోసుకొంటూ పోయి టాక్సీ ఎక్కుతుంది. టాక్సీవాడు హడలిపోతాడు. బెన్ గ్రిమ్ దేహం గుట్టవంటిది. తనకు సరిపడే ఉడుపులకోసం బట్టల కొట్లో వెదకుతూ ఉండగా పిలుపు వస్తుంది. తాను దూర సందు లేకున్నా మెడకో డోలు అన్నట్లు, ద్వారాన్ని పగులగొట్టుకొని వీధిన పడి, భూగర్భపు మురుగుకాలువలో దిగి, నడివీధిని చీల్చుకొని పైకి వస్తాడు. వచ్చిన కారు అతనికి తగిలి నుగ్గవుతుంది. సూ తమ్ముడు జానీ మరమ్మతు చేస్తున్న కారులో కూర్చుండి భగ్గున మండి, కారును కరగించి, ఎగిరిపోతాడు.

మండుతూ ఎగిరే వస్తువును చూచి ప్రభుత్వం యుద్ధవిమానాలను పంపుతుంది. అవి అతని వేడికి కరిగిపోతాయి. అప్పుడు ప్రభుత్వం చేసిన పని గమనింపదగినది: తన పట్టణం నెత్తిమీద, ఒక్క కుర్రవాడిమీద, అణ్వస్త్రాన్ని ప్రయోగిస్తుంది! ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. రీడ్ తన సాగే చేతులతో ఆ అస్త్రాన్ని ఒడిసి పట్టి సముద్రంలోకి విసరివేస్తాడు. అది అక్కడ 'ఎవరికీ హాని లేకుండా' పేలుతుంది. చేపలను అడిగినవారు లేరు.

ఇంతకూ శత్రువు ఇంకా రంగంమీదికి రానేలేదు. నలుగురు ఒకచోట కూడడానికే నగరానికి ఇంత నష్టం! పిల్లవాడు ఈ పుటలను ఊపిరి బిగబట్టి చదువుతాడు. పెద్దవాడు విరిగిన ద్వారబంధానికీ, కరిగిన కారుకూ, పాడైన రోడ్డుకూ ఎవరు సొమ్ము చెల్లిస్తారని లెక్క వేస్తాడు. వయసు తెచ్చిపెట్టే మొదటి వికారం ఈ లెక్క.

తరువాత వారి పూర్వకథ వస్తుంది. అంతరిక్షానికి కమ్యూనిస్టులకంటె ముందుగా పోవాలన్న ఆత్రంతో రీడ్ ఒక నౌకను నిర్మించాడు. నడపవలసినవాడు బెన్. ఆకాశంలోని కాస్మిక్ కిరణాలను గూర్చి తగినంత పరిశోధన జరగలేదనీ, అవి ప్రాణాంతకం కావచ్చుననీ అతడు హెచ్చరిస్తాడు. అప్పుడు సూ అతనిని పిరికివాడవని ఎత్తిపొడుస్తుంది. పౌరుషం పొడుచుకొని వచ్చి బెన్ ఒప్పుకొంటాడు. నలుగురూ రాత్రివేళ కావలివాని కన్నుగప్పి నౌకలో దూరి ఎగిరిపోతారు. సూ ఎందుకు వెళ్ళింది? రీడ్‌కు కాబోయే భార్య కనుక. జానీ ఎందుకు వెళ్ళాడు? అక్క వెళ్ళింది కనుక. అంతరిక్షయాత్ర కాదు, అత్తవారి ఊరి ప్రయాణం!

ఆ తొందర ఒక్క రీడ్‌ది కాదు, ఆనాటి అమెరికా దేశపు తొందర. 1961 ఏప్రిల్ 12న సోవియట్ వ్యోమగామి యూరీ గగారిన్ భూమిని చుట్టివచ్చాడు. మే 5న అమెరికా పంపిన ఆలన్ షెపర్డ్ సుమారు 15 నిమిషాలు ఎగిరి దిగాడు. అదే సంవత్సరంలో ఈ పుస్తకం అచ్చయింది. దేశమంతటా అలముకొన్న ఆందోళనను బొమ్మల కథ ఏ ముసుగూ లేకుండా పలికింది.

కాస్మిక్ కిరణాల విషయంలో కథకుడు సగం సత్యం చెప్పాడు. 1912లో విక్టర్ హెస్ బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, ఎత్తుకు పోయినకొద్దీ ఈ వికిరణం హెచ్చుతున్నదని కనుగొన్నాడు. 1936లో నోబెల్ బహుమానం అందుకొన్నాడు. ఇవి చాలవరకు మహావేగంతో దూసుకొనివచ్చే ప్రోటానులు. భూమి అయస్కాంత క్షేత్రమూ, వాతావరణమూ కవచాలై మనలను కాపాడుతున్నవి. ఆ కవచాలు దాటి పోయేవారికి ప్రమాదం ఉన్నమాట నిజం. కాని అది క్యాన్సరువంటి వ్యాధుల రూపంలో వచ్చే ప్రమాదం. మనిషి రబ్బరువలె సాగడు, మాయం కాడు, మండడు, బండ కాడు. ఒకే నౌకలో, ఒకే గంటలో, ఒకే కిరణాలు సోకిన నలుగురికి నాలుగు ఫలితాలు కలగడం మరొక వింత. ఉపాధ్యాయులకు మాత్రం ఇది వింతగా తోచకపోవచ్చు. ఒకే తరగతిలో ఒకే పాఠం విన్న నలుగురు వ్రాసే జవాబుపత్రాలను వారు ఎరుగుదురు.

నవ్వు ఇక్కడితో ఆపి నిదానించవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. నౌక కూలిన తరువాత రీడ్ దేహం సాగుతుంది, కాని రూపం చెడలేదు. సూ కోరినప్పుడు మాయమై కోరినప్పుడు కనబడుతుంది. జానీ మంట ఆరితే మళ్ళీ అందమైన కుర్రవాడే. బెన్ ఒక్కడే ఎర్రని మొరటు మేనుతో వికృతుడై, పూర్వరూపం లేనివాడైనాడు. ప్రమాదాన్ని ముందుగా చెప్పినవాడు అతడొక్కడే! భారతంలో విదురుని హితవు వినని కౌరవులు చెడిపోయారు. ఈ కథలో హితవు చెప్పిన విదురుడే చెడిపోయాడు. అతనిని చూచి భయంతో సూ అన్న 'వస్తువు' అనే మాటనే అతడు తన పేరుగా పెట్టుకొంటాడు: 'థింగ్'. నౌకను కూల్చిన మేధావి మాత్రం తన పేరు 'మిస్టర్ ఫెంటాస్టిక్' అని ప్రకటించుకొంటాడు. ఈ రెండు నామకరణాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, కథకుడు చెప్పినదానికంటె ఎక్కువే తెలుస్తుంది.

ఇక ప్రతినాయకుడు. ప్రపంచంలో పలుచోట్ల అణుశక్తి కేంద్రాలు భూమిలోకి కుంగిపోతూ ఉంటాయి. ఫ్రెంచి ఆఫ్రికాలో నేల చీల్చుకొని ఒక రాక్షసజంతువు పైకి వస్తుంది. 1960 ఒక్క సంవత్సరంలోనే ఆ ఖండంలో 14 దేశాలు ఫ్రెంచి పాలననుండి విముక్తమైనవి. ఆ వార్త ఈ బొమ్మల పుటలవరకు ఇంకా చేరినట్లు లేదు. ముఖచిత్రంమీద మాత్రం ఆ జంతువు నగరవీధిలోనే నేల చీల్చి సూను పిడికిట పట్టి ఉంటుంది. లోపల అటువంటి ఘట్టమే లేదు. అట్టకూ కథకూ ఇంత ఎడం ఉండడం ఆ వ్యాపారంలో అలవాటే.

ఈ ఉపద్రవాలకు మూలం ఒక దీవి అడుగున నివసించే 'మోల్ మాన్'. మోల్ అనేది చూపు మందగించిన చిన్న జంతువు. నేల త్రవ్వడంలో మన పందికొక్కుకు దీటు. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు, నలుగురు మహావీరులు దీవికి పోయి, మూడు తలల భూతాన్ని దాటి, రాక్షసులను ఎదిరించి చివరకు పట్టుకొన్నది ఒక పొట్టి, గుడ్డి, కర్రపట్టిన మనిషిని. ఆ మనిషి తన కథ తానే చెప్పుకొంటాడు. అతడు పుట్టుకతో వికారరూపుడు. స్త్రీ అతనితో వెలికి వచ్చేందుకు ఒప్పుకోక పరిహసించింది. తోటి పనివాళ్ళు జడుసుకొంటారని యజమాని ఉద్యోగం ఇవ్వలేదు. మనుషులు లేని లోకం వెదకుతూ పాతాళానికి దిగాడు. అక్కడ పడి చూపు పోగొట్టుకొన్నాడు. భూతాలను మచ్చిక చేసుకొన్నాడు. తనను వెలివేసిన భూలోకంమీద పగ పట్టాడు.

చదువరి ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఎదురుగా ఉన్నవారిని చూడాలి. మనుషులు చూచి జడుసుకొనే ముఖం గలవాడు వీరుల జట్టులోనే ఒకడు ఉన్నాడు. కథ మొదట బట్టలకొట్టులో జనం పారిపోయినది అతనిని చూచే. మోల్ మాన్ పడిన వేదన ఏమిటో ఆ బిలంలో తెలిసినవాడు బెన్ ఒక్కడే. అయినా ఈ ఇద్దరికీ నడుమ మనసు విప్పిన మాట ఒకటి కూడా లేదు. గుద్దులాటలకు పుటలు మిగిలినవి కాని, ఆ మాటకు చోటు మిగలలేదు. జానీ మంటలతో రాళ్ళు కూలి రాక్షసుల దారి మూసుకొంటుంది. నలుగురూ విమానమెక్కి ఎగిరిపోతారు. దీవి పేలిపోతుంది. మన లోకంలో అతనికి చోటు లేదు, అక్కడే ఉండడం మేలు అన్న ధోరణిలో రీడ్ పలికి కథ ముగిస్తాడు.

ఇదే ఆ ఇంటిలోని చీకటిగది. 'చోటు లేదు' అన్నవాడు అందగాడు, విద్యావంతుడు, నాయకుడు. వింటున్నవాడు బెన్. చోటు లేని ముఖమే అతనిదీ. ఒకనికి జట్టు దొరికింది కనుక వీరుడైనాడు. రెండవవానికి దొరకలేదు కనుక ప్రతినాయకుడైనాడు. ఇద్దరి నడుమ ఉన్న వ్యత్యాసం గుణంలోకంటె స్నేహంలో ఎక్కువ. కథకులు దీనిని తెలిసి చేశారో, అచ్చుకు గడువు దగ్గరపడి తెలియక చేశారో తేల్చడం కష్టం. కాని ఇద్దరూ న్యూయార్కులో పేద యూదు వలస కుటుంబాలలో పుట్టినవారు. లీ తలిదండ్రులు రుమేనియా నుండి, కిర్బీ తలిదండ్రులు ఆస్ట్రియా పాలనలోని ప్రాంతంనుండి వచ్చినవారు. చోటు లేనివాని వేదన వారికి పుస్తకాలలో నేర్చుకొన్న విషయం కాదు. అందుకే కాబోలు, 102 సంచికలలో పాఠకుల ప్రేమను ఎక్కువగా దోచుకొన్నది నాయకుడు కాదు, బెన్. ఇక మోల్ మాన్ పాతాళంలో శాంతితో ఉండిపోలేదు. 1964 జనవరి నాటి 22వ సంచికలో తిరిగి వచ్చాడు. చోటు లేదని పూడ్చిపెట్టిన సమస్య మరొకచోట నేల చీల్చుకొని వస్తుందన్న నీతి, నీతి చెప్పాలని అనుకోకుండానే, ఆ కథలో ఏర్పడింది.

తరగతి గదిలో ఇటువంటి పుస్తకం కనబడితే లాగివేయడం మన పాఠశాలల్లో పాత ఆచారం. లాగివేసేముందు ఒక్క ప్రశ్న వేసి చూడవచ్చు: ఈ కథలో ఎవరికి అన్యాయం జరిగింది? విద్యార్థి మొదట నగరం పేరో, అణుకేంద్రం పేరో చెబుతాడు. మరికొంత ఆలోచిస్తే బెన్ పేరు చెబుతాడు. మూడవమారు ఆలోచించి మోల్ మాన్ పేరు చెప్పగలిగినవాడు సాహిత్యం చదవడం నేర్చుకొన్నట్లే. ప్రతి తరగతిలోనూ చివరి బల్లమీద, ముఖం చూచి నలుగురూ నవ్వే పిల్లవాడు ఒకడు ఉంటాడు. అతనికి జట్టు దొరకడమో దొరకకపోవడమో ఆ నలుగురి చేతిలోనే ఉన్నది.