పిల్లల కాలు బెణికిందా? మాలిష్ వద్దు, ముందు ఎక్స్‌రే తీయించండి

పిల్లాడు కబడ్డీ ఆడుతూ కాలు మడతపడి పడ్డాడు. చీలమండ వాచింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మన ఇళ్లలో ఏం చేస్తాం? అమ్మీ నూనె రాసి మాలిష్ చేస్తుంది, లేదంటే అబ్బా ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తాడు. పెద్దవాళ్లకైతే చాలాసార్లు నడిచిపోతుంది. పిల్లల సంగతి వేరు.

పిల్లల ఎముకల చివర మెత్తటి పొర ఉంటుంది, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. చీలమండ దగ్గర ఇది ఆడపిల్లల్లో దాదాపు 14, మగపిల్లల్లో 16 ఏళ్లకు గట్టిపడుతుంది. అప్పటిదాకా ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ల కంటే ఈ పొరే బలహీనం. పెద్దవాళ్లకు లిగమెంటు సాగే దెబ్బకు పిల్లలకు ఈ పొర విరగొచ్చు. పైకి మాత్రం రెండూ వాపే.

కాలు నేల మీద పెట్టలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి అన్నా ఆగొద్దు. ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, కరీంనగర్ ప్రభుత్వ ఆస్పత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి. కొన్ని పగుళ్లు మొదటి ఎక్స్‌రేలో కనిపించవు. 'ఏం లేదు' అన్నాక కూడా నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లాలి.

కట్టు విప్పాక డాక్టర్ కొన్ని నెలల దాకా రమ్మంటారు. పిల్లాడు పరుగెడుతున్నాడు కదా అని చాలామంది ఇక్కడే మానేస్తారు. పొర ఒక పక్క పెరగడం ఆగితే కాలు వంకరపోవడం, పొట్టిగా అవడం నెలల తర్వాతే బయటపడుతుంది.