గ్రీన్ స్క్రీనా, ఎల్ఈడీ వాలా? మీకు ఏది కరెక్ట్?

గ్రీన్ స్క్రీన్ చవక. బ్యాక్‌గ్రౌండ్ ఏంటో షూట్ అయ్యాక కూడా తేల్చుకోవచ్చు. కానీ ఆ పచ్చ వెలుగు మొహం మీద, కళ్లద్దాల మీద పడితే ఎడిటింగ్‌లో చుక్కలు కనిపిస్తాయి.

‘ది మాండలోరియన్’ (2019) హీరోది మెరిసే కవచం. ఎల్ఈడీ వాల్ వాడటంతో సీన్‌లోని వెలుగే అందులో ప్రతిబింబించింది. కెమెరా కదిలితే అన్‌రియల్ ఇంజిన్ బ్యాక్‌గ్రౌండ్‌ని కూడా అప్పటికప్పుడు మార్చేది. మన హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌లోనూ ఇలాంటి స్టేజ్ ఉంది. చిక్కేంటంటే, బ్యాక్‌గ్రౌండ్ షూటింగ్‌కి ముందే రెడీ కావాలి. ఫోకస్ నేరుగా వాల్ మీద పడితే మోయిరే గీతలు రావచ్చు.

నన్నడిగితే, ఫోన్‌తో యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్లకి గ్రీన్ క్లాతే చాలు. ముడతలు లేకుండా కట్టి, దానికి విడిగా, అంతటా సమానంగా లైట్ పెట్టండి. మీరు ఐదారు అడుగులు ముందుకొచ్చి నిలబడండి. వాల్ అద్దెకి పెట్టే డబ్బు మంచి లైట్ల మీద పెడితే తేడా మీకే తెలుస్తుంది.