తొక్కితేనే బతికే మొక్క

ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్, డోర్సెట్ తడి బీళ్లలో నేలకు అంటుకుని పాకే చిన్న మొక్క మార్ష్ క్లబ్‌మాస్. శాస్త్రీయ నామం లైకోపోడియెల్లా ఇనుండేటా. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో పెరుగుతుంది. ఐరోపాలో చాలాచోట్ల అరుదైపోతున్న ఈ మొక్క చుట్టూ అపోహలూ ఉన్నాయి.

అపోహ: చూడ్డానికి నాచులా ఉంది కాబట్టి నాచే.

వాస్తవం: నాచుకు నిజమైన వేళ్లుండవు, నీటిని పైకి చేరవేసే దారువు ఉండదు. దీనికి రెండూ ఉన్నాయి. ఫెర్న్‌ల మాదిరిగా పూలు, విత్తనాలు లేకుండా సిద్ధబీజాలతో వ్యాపిస్తుంది. నిటారుగా లేచిన కొమ్మల పైభాగంలో, ఆకుల మొదళ్ల దగ్గర అవి తయారవుతాయి. అలాగని ఫెర్న్ కూడా కాదు. దీని వంశశాఖ 40 కోట్ల ఏళ్లకు ముందే విడిపోయింది.

అపోహ: బొగ్గుగా మారిన పురాతన మహావృక్షాలే కుంచించుకుపోయి ఈ మొక్క అయ్యాయి.

వాస్తవం: ఐరోపా బొగ్గుపొరలకు మూలమైన లెపిడోడెండ్రాన్ చెట్లు 30 మీటర్లకు పైగా పెరిగేవి. అవి క్లబ్‌మాస్‌కు పూర్వీకులు కావు, దూరపు చుట్టాలు. నేటి మొక్కల్లో వాటికి దగ్గరి బంధువు ఐసోయిటిస్. మన సింగరేణి బొగ్గు కథ మళ్లీ వేరు. అది పెర్మియన్ కాలానిది. దానికి ప్రధాన మూలం గ్లోసోప్టెరిస్ అనే విత్తన మొక్కలు.

అపోహ: చిత్తడి మొక్క కదా, ఎప్పుడూ నీళ్లలో ఉండాలి.

వాస్తవం: చలికాలంలో మునిగి, వేసవిలో నీరు తగ్గి తేమ మాత్రం మిగిలే గుంటల అంచులు దీనికి ఇష్టం. శీతాకాలానికి పాత కాండం చచ్చిపోతుంది. కొనమొగ్గ ఒక్కటే మిగిలి, వసంతంలో మళ్లీ సాగుతుంది.

అపోహ: కంచె వేసి పశువులను రానివ్వకపోతే చాలు, బతికిపోతుంది.

వాస్తవం: పశువులను ఆపితేనే దీనికి నష్టం. దీనికి సారం లేని, ఆమ్లగుణమున్న, ఎండ తగిలే తడినేల కావాలి. గుర్రాలు, పశువులు మేస్తూ తొక్కితే, బండి చక్రాలు గాడి పెడితే అలాంటి ఖాళీ మట్టి బయటపడుతుంది. పాత ఇసుక గోతుల్లోనూ ఇది కనిపించేది అందుకే. మేత ఆగిందంటే గడ్డి, పొదలు కమ్ముకుంటాయి. ఈ పొట్టి మొక్కకు వెలుగు అందదు. నీరు బయటికి పోయేలా కాలువలు తవ్వినా, ఎరువులు వచ్చి చేరినా అదే గతి. అందుకే దీన్ని కాపాడాలంటే మేత కొనసాగించాలి, అవసరమైన చోట పైమట్టి గీకాలి, నేల తడి ఆరకుండా చూడాలి.