నేపాలు దారిలో కారు కాగితాలు

మిరప అమ్ముడై చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేసవిలో మన వేటపాలెం చుట్టుపక్కల కుటుంబాలు కొన్ని సొంత కారులోనే దూరదేశ యాత్రకు బయలుదేరుతున్నాయి. చీరాల మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఉత్తరాదికి చేరి, అటునుండి నేపాలు వెళ్దామని వారి ఆశ. మంచిదే. అయితే "ఆధారు కార్డులున్నాయి గదా, ఇంకేం కావాలి?" అనే మాట మేము తరచుగా వింటున్నాము. ఆ మాట మీద ఆధారపడి బయలుదేరకూడదు.

1950 నాటి ఒడంబడిక వలన మనవారికి నేపాలులో వీసా అక్కరలేదు. భారతీయుడని రుజువు మాత్రం కావాలి. ఆ రుజువు పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని. ఆధారు కార్డు 15 ఏండ్లలోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకే చెల్లుతుంది. నడిమి వయసువారికి చాలదు. 15 నుండి 18 ఏండ్ల పిల్లలకు బడి ప్రధానోపాధ్యాయులు నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం పనికివస్తుంది. అమ్మమ్మకు అడ్డులేదు గాని అల్లుడికి ఓటరు కార్డు లేకపోతే చిక్కు!

ఇక కారు సంగతి. ఆర్.సి., లైసెన్సు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ అసలువే పట్టుకెళ్లండి. రక్సౌల్, సునౌలీ, పానీటంకీ వంటి చోట్ల సరిహద్దు దాటగానే నేపాలు కస్టమ్స్ వారి దగ్గర రోజుల లెక్కన రుసుము కట్టి రశీదు తీసుకోవాలి. దీనిని అక్కడ భన్సార్ అంటారు. మూడు రోజులకు కట్టి ఐదు రోజులు తిరిగితే జరిమానా తప్పదు గనుక, ఒక రోజు ఎక్కువకే కట్టడం మేలని మా అభిప్రాయం. కారు అన్నగారి పేర ఉండి తమ్ముడు నడిపితే అన్నగారి సంతకంతో అనుమతి ఉత్తరం ఉంచుకోండి. అద్దె బండికి నియమాలు వేరు. యజమానిని ముందే అడగాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది బీమా. మన పాలసీ మామూలుగా భారతదేశం వరకే పనిచేస్తుంది. కొంత సొమ్ము అదనంగా కడితే నేపాలు, భూటాను, బంగ్లాదేశ్ వంటి పొరుగు దేశాలకు దానిని పొడిగిస్తారు. సరిహద్దులో దీనిని ఎవరైనా అడగవచ్చు, అడగకపోవచ్చు. అడగలేదని సంతోషించి కొండదారి ఎక్కిన తరువాత, ఒక మలుపులో ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే? వైద్యం ఖర్చు, నష్టపరిహారం, బండి మరమ్మతు అన్నీ మన నెత్తినే పడతాయి. ఎకరం పొలం, రెండు మగ్గాలు ఉన్న ఇంటికి అది కోలుకోలేని దెబ్బ. మూడు తరాలు కూడబెట్టినది ఒక్క కాగితం లేక పోగొట్టుకోవడం దేనికి?

2025 సెప్టెంబరులో నేపాలులో అల్లర్లు చెలరేగినప్పుడు మన రాష్ట్రపు యాత్రికులు అక్కడ చిక్కుకుపోయారు. ప్రభుత్వం ప్రత్యేక విమానంలో విశాఖపట్నానికి, తిరుపతికి వారిని చేర్చింది. కారులో వెళ్లినవారు కూడా విమానంలో తిరిగి రావలసిన రోజు రావచ్చు. విమానాశ్రయంలో ఓటరు కార్డు, పాస్‌పోర్టు తప్పక చూస్తారు.

భూటానుకు కూడా ఈ రెండింటిలో ఒకటి ఉండాలి. 2022 సెప్టెంబరు నుండి అక్కడ పెద్దవారికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కూడ ఉన్నది. ఇంకా దూరదేశాలలో నడపాలంటే ఆర్.టి.ఓ. ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఒక ఏడాది చెల్లుతుంది.

నెహెమ్యాను చూడండి. షూషనులో ఉండగానే నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలని రాజును అడిగాడు, దారిలో అడగలేదు. మీరును నెల ముందే బీమా కార్యాలయానికి వెళ్లండి. ఓటరు కార్డులో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. అన్నట్టు, నేపాలులో సంఘములు ఎక్కువగా శనివారమే ఆరాధనకు కూడుకుంటాయి. ప్రయాణపు రోజులు లెక్క వేసుకొనేటప్పుడు అది కూడా చూచుకోండి.