సున్నపు చుక్కకు లెక్క

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు అక్కడ గానుగాడేది. నాలుకకు తియ్యగా ఉన్నా చెరకు రసం ఆమ్లమే, పీహెచ్ 5కు కాస్త పైన ఉంటుంది. అలాగే కాగబెడితే చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, పలుకు కట్టదు. ఆ పులుపు విరగ్గొట్టడానికి సున్నపు పాలు కలుపుతారు. అవి ఎక్కువైతే రసం రంగు ముదురుతుంది. అందుకే పీహెచ్ 7 దగ్గర ఆపాలి. ఎంత సున్నానికి పీహెచ్ ఎంత? చక్కెర మిల్లు కెమిస్టు అడిగే ఈ ప్రశ్నకు గీతలో దొరికే జవాబే టైట్రేషన్ వక్రం.

పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లో రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ తెచ్చాడు. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు తేల్చేందుకు మీటరు చేశాడు. కొలత సులువైంది, లెక్క మాత్రం కాలేదు. వక్రాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకో ఉజ్జాయింపు సూత్రం వాడేవారు. అతుకుల దగ్గర తేడా వచ్చేది. నిజానికి సూత్రం ఒక్కటే: ద్రావణంలో ధనావేశాలు, ఋణావేశాలు సమానం. కానీ ఎసిటిక్ ఆమ్లానికే అది ఘన సమీకరణం, ఫాస్ఫారిక్ ఆమ్లానికైతే అయిదో ఘాతం. చుక్కచుక్కకూ చేత్తో సాధించాలంటే ఎవరికి ఓపిక?

ఆ ఓపిక కంప్యూటర్‌కు ఉంది. 1967లో స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త సిలెన్ బృందం ప్రకటించిన ‘హాల్టఫాల్’ ప్రోగ్రాం ఇలాంటి సమతాస్థితులను లెక్కగట్టేది. వక్రం ఒక్కటే కావాలంటే ఇంకా తేలిక దారి ఉంది, ప్రశ్నను తిరగేయడమే. ఇంత క్షారానికి పీహెచ్ ఎంత అనకుండా, ఈ పీహెచ్ రావాలంటే క్షారం ఎంత అని అడిగితే సమీకరణం సాధించే పనే ఉండదు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చాలు.

25 మి.లీ. ఎసిటిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ పోస్తున్నామనుకోండి, రెండూ 0.1 మోలార్. 24.9 మి.లీ. దగ్గర పీహెచ్ 7.16. 25.1 దగ్గర 10.30. నాలుగు చుక్కల్లో అంత గెంతు! ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగేది ఆ మధ్యలోనే.

చెరకు రసం ఇంత సూటిగా ఉండదు. అందులో అకోనిటిక్ ఆమ్లం, ఫాస్ఫేట్లు, ఇంకా ఎన్నో. సున్నంతో కొన్ని మడ్డిగా దిగిపోతాయి. అక్కడ లెక్క దారి చూపుతుందే తప్ప, మాట చెల్లేది మీటరుదే.

శక్కర్‌నగర్ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. లెక్క నేర్చుకోవడానికి మాత్రం మిల్లు అక్కర్లేదు. నిజామాబాద్ డిగ్రీ విద్యార్థులారా, బ్యూరెట్ పట్టే ముందు ఎక్సెల్‌లో ఈ వక్రం ఒకసారి గీసి చూడండి. ఏ చుక్క దగ్గర చెయ్యి నెమ్మదించాలో ముందే తెలుస్తుంది.